పురి

మొదటి గుర్తుల ఎనిమిది చేతులుండె.
ఇటు నాలుగు, అటు నాలుగు,
నడుమ మూడు పేటల తాడు,
తాడు కింద ముత్యమంత చుక్క.
జాతీయ తాడులాగుడు సమాఖ్య అని
చుట్టూ వంపులు తిరిగిన అరబ్బీ అక్షరాలు.
పదకొండు వేల నాలుగొందల కుట్లు.
ఇంత కచ్చితంగ ఎట్ల యాదికున్నదంటే
మా షాపుల కూలి వెయ్యి కుట్ల లెక్క.

ముహర్రక్ పాత బజారు, హల్వా దుకాణం పక్క సందు.
పన్నెండు సూదుల మిషను,
నేను, ఫైసలాబాదు మాస్టర్ రిఫాకత్.
ఏసీ నీళ్ళు బకెట్ల బొట్టుబొట్టు పడుతుండేవి.

ఆ గుర్తు గీసినాయన బూ దుఐజ్.
చిత్రకారుడేం కాదు, రేవుల గుమాస్తా.
సమాఖ్య పెట్టిన రాత్రి
కరెంటు బిల్లు వెనక పెన్సిలుతోని గీసిండట,
గహ్వా చల్లారేలోపు.
"ఎనిమిది చేతులు ఎవరెవరివి?" అని అడిగిన ఓసారి.
"ఏడు నాకు తెల్వదు. ఒకటి మా తాతది" అన్నడు.

తాత సైబ్. అంటే
ముత్యాల పడవ మీద తాడు పట్టుకునేటోడు.
మునిగినోని పేరు ఊరంతా చెప్పుకుంటది,
గుంజినోని పేరు తాడుకే ఎరుక.
కిందినుంచి సన్నని కదలిక రాంగనే
ఆగిపోయేది తన ఊపిరే అన్నట్టు లాగాలె.
అవతలి జట్టు సముద్రం.

తర్వాత చేతులు పోయినయి.
చేతులు పాతబడ్డయట.
ఎక్కడో కూసున్న కన్సల్టెంటు పంపిన ఫైలు:
తాడొక్కటే, గుండ్రంగ, మెరుపు అంచు. ఎనిమిది వేలు.
స్క్రీను మీద చూడంగనే చెయ్యి దురదపెట్టింది.
రెండు పేటలకు కుడి పురి, ఒకదానికి ఎడమ పురి!
అట్ల పేనిన తాడు
మొదటి గుంజుడుకే విచ్చుకుంటది.
సిరిసిల్లల పుట్టినోన్ని,
పురి తప్పిన పోగును చీకట్లనే పసిగడ్తది బొటనవేలు.

"ఫైలెట్లుంటే అట్ల కుట్టు, మర్కండ్ భాయ్" అన్నడు రిఫాకత్.
మార్కండేయ అనుటానికి ఆయన నోరు ఎన్నడూ తిరగలే.
నేనూ వినలే.
రాత్రి కూసోని ఒక్కో కుట్టు కోణం మళ్ళేసిన.
మూడొందల జెర్సీలు పోయినయి.
ఎవ్వరూ ఏమనలే, చూసినట్టు గూడ లేదు.

నెలకు బూ దుఐజ్ ఒక జెర్సీ పట్టుకొచ్చిండు.
అద్దాలు నుదుటి మీదికి నెట్టి, కండ్లు మూసి,
తాడు మీద వేలు నడిపిండు.
తిరగేసి వెనక ముళ్ళు చూసిండు.
"కాగితం మీది తప్పు గుడ్డ మీద లేదేంది?"
ఎవరు సరిచేసిన్రని అడగలే.
చాయ్ తెప్పిచ్చిండు. చక్కెర ఎక్కువ.

ఇప్పుడు మూడోది.
తాడూ లేదు. ఒక వంపు గీత.
అలట. గాలట. ముందుకు పోవుడట.
పామనుకున్నది తాడయితే నవ్వుకుంటం,
తాడనుకున్నది ఉత్త గీతయితే?
తొమ్మిదొందల కుట్లు. వెయ్యన్న కాలే,
కూలి ఎట్ల కట్టాలెనని రిఫాకత్ తల గోక్కున్నడు.

మీటింగుల బూ దుఐజ్ కొట్లాడిండట, తాడో పేడో తేల్చమని.
తెగేదాక లాగొద్దని పెద్దలన్నరట.
తాడే లేనప్పుడు తెగేదేందని లేసొచ్చిండట.
ఇవి రిఫాకత్ మాటలు, ఉప్పుకారం ఆయనదే గావొచ్చు.

శుక్రవారం క్యాంపు వెనక ఇసుకల మేం లాగుతం,
ఇటు జగిత్యాల, అటు సిల్హెట్.
మాకు గుర్తులేం లేవు, అరచేతుల బొబ్బలు తప్ప.

పైకుట్టు పడేముందు గుడ్డ మీద
ఆధారం కుట్టు ఒకటి పడ్తది. కనపడదు.
అందుల ఏముండాలెనో ఏ ఫైలూ చెప్పదు.
ఆ గీత కింద నేను మూడు పేటలు వేసిన,
మూడింటికీ ఒక్కటే పురి.
పెరిగిన కుట్లు బిల్లుల రాయలే.

మొదటి ముక్క బూ దుఐజ్ ఇంటికి పంపి తొమ్మిది దినాలాయె.
ఇంకా కదలిక లేదు.
బాబిన్ల దారం అయిపోవచ్చింది, చుట్టాలె.